నానమ్మ కునుకు

"రేపు కచేరీ అవగానే మానేస్తాను నానమ్మా. అన్నయ్య వయొలిన్, వదిన పియానో మధ్య నా సెల్లో మంద్రస్వరం ఎవరికి వినిపిస్తోంది గనక?"

"ఆ అలక రేపటికి దాచుకుని, ఇప్పటికి వాయించవే తల్లీ," అని కుర్చీలో చేరబడ్డాను.

ముగ్గురూ సాధన మొదలుపెట్టగానే ఎప్పటిలాగే నాకు కునుకు పట్టింది.

ఉన్నట్టుండి ఉలిక్కిపడి లేచాను. వయొలిన్, పియానో మోగుతూనే ఉన్నాయి. మనవరాలు మాత్రం కమాను ఒళ్లో పెట్టుకుని మూతి ముడుచుకుని కూర్చుంది.

అంతలో మనవడి చెయ్యి తడబడింది. పియానో కూడా ఆగిపోయింది.

"మమ్మల్ని అటకెక్కించి నిచ్చెన తీసేస్తావుటే?" అన్నాడు వాడు.

"బంగారంలాంటి నిద్ర పాడుచేసింది," అన్నాను నేను.

"నేనా? చప్పుడు చేసింది వాళ్లు కదా!"

"వాళ్ల చప్పుడుకి నేనెప్పుడు లేచానే? నువ్వు ఆపావు, నాకు మెలకువొచ్చింది."

పిల్ల మా ముఖాలు మార్చి మార్చి చూసింది. నవ్వాపుకుంటూ కమాను అందుకుంది.

"సరే, పడుకో నానమ్మా. ఎల్లుండి సాధనకి కూడా ఆ కుర్చీ నీదే."