మిషన్ అమ్మిన మనిషి

ఎవరో తలుపు బాదుతున్నారు.

ఎవరండీ అని సౌందర్య లోపలినుంచే అడిగింది. జవాబు లేదు. ఇంకాస్త గట్టిగా అడిగింది. మళ్లీ బాదుడే.

మిట్టమధ్యాహ్నం. ఇంట్లో ఒక్కతే ఉంది. భర్త శివరామ్ పట్టుచీరల కొట్లో ఉన్నాడు, అత్తగారు కూర్మమ్మ బజారుకి వెళ్లింది.

కిటికీ రెక్క ఓరగా తీసి చూసింది. అరవై దాటిన మనిషి. ఫోను పైకెత్తి చూపిస్తున్నాడు. అందులో తను మెసేజ్‌తో పంపిన మిషన్ ఫొటోయే ఉంది.

తనకి హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్, అంటే శబ్దం పెంచే పాత మిషన్, అమ్మిన మసేను. గంజాం నుంచి పార్సిల్లో పంపాడు కాబట్టి మనిషిని చూడటం ఇదే మొదలు.

ఆస్పత్రి డాక్టర్లు మాట్లాడి పంపే రికార్డింగులు విని టైపు చేయడం సౌందర్య ఉద్యోగం. ఆమెకి కూడు పెట్టేది చెవులే. ఆ చెవులు నెల్లాళ్లుగా మొరాయిస్తున్నాయి. గంట వింటే చాలు, తల దిమ్మెక్కిపోతోంది, ఎడం చెవిలో సన్నగా ఈల.

హెడ్‌ఫోన్ మార్చింది, వైరు మార్చింది. వెల్లుల్లి కాచిన నూనె వేస్తానని కూర్మమ్మ వెంటపడితే దణ్ణం పెట్టి తప్పించుకుంది. ఈల పోలేదు. చెవుడు వచ్చేస్తుందేమోనన్న భయంతో అన్నం కూడా సయించడం లేదు.

మీ మిషన్ వల్లే నా చెవులు పాడవుతున్నాయని మసేనుకి మెసేజ్ పెట్టింది. నాలుగుసార్లు ఫోన్ చేసింది. ఒక్కసారీ ఎత్తలేదు. చివరికి ఒక మెసేజ్ వచ్చింది. మిషన్ ఆపేయండి, నేనొస్తున్నాను అని.

రమ్మని ఎవరన్నారు?

భయపడుతూనే గడియ తీసింది. అతను చెప్పులు విడిచి తిన్నగా టేబుల్ దగ్గరికి వెళ్లాడు. మిషన్ వెనక్కి తిప్పి చూసి, ఇల్లదిరిపోయేలా అడిగాడు.

"ఈ స్విచ్ మీద నానతికించిన టేపు ఎవులు పీకినారు?"

పీకింది కూర్మమ్మ. పనిముట్లకి పూజ చేసే విశ్వకర్మ పూజనాడు, కొట్లో బట్ట కొలిచే గజంబద్దకీ ఇంట్లో మిషన్‌కీ తేడా చూపని ఆవిడ, టేపు గీకి పారేసి, వెనకా ముందూ పసుపు రాసి బొట్లు పెట్టింది. పూజయ్యాక మోత పెరిగితే, మాటలు భలే స్పష్టంగా ఉన్నాయని సౌందర్య మురిసిపోయింది కూడా.

పసుపు రాసేటప్పుడు స్విచ్ పైకి జరిగిపోయిందని మసేను చూపించాడు. అలా ఉంటే మోత మూడింతలవుతుందట, సన్నటి శబ్దాలు సూదుల్లా దిగుతాయట. దాన్ని కిందికి లాగి, హెడ్‌ఫోన్ అరచేతుల్లో పట్టుకుని వాల్యూమ్ సరిచేశాడు.

సౌందర్య తల వంచుకుని ఏదో అడగబోయింది.

"నా వంక సూసి సెప్పమ్మా," అన్నాడు. ఆమె పెదవుల మీంచి చూపు తిప్పడం లేదు.

ఆ చూపుకి ఆమె ఒళ్లు జలదరించింది. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపొమ్మంది. అతను కదల్లేదు. ఇంకోసారి అంది. అలాగే చూస్తున్నాడు. ఇక ఆగలేక కేక పెట్టింది.

పక్కింటి ఒడియా ఆయన "కొణ హెలా?" ఏమైందంటూ పరుగెత్తుకొచ్చి, జవాబు వినకుండానే మసేను చొక్కా పట్టుకుని బయటికి ఈడ్చాడు. మసేను తిరగబడలేదు. గేటు దగ్గర మాత్రం ఆగాడు.

"స్విచ్ ముట్టుకోకమ్మా. అరగంట ఇను, పది నిమిసాలు మానీ. ఈల ఆగకపోతే డాక్టర్ కాడికెల్లు."

గేటు వేసి వచ్చి సౌందర్య హెడ్‌ఫోన్ పెట్టుకుంది. మాటలు నూతిలోంచి వస్తున్నట్టున్నాయి. మిషన్ పాడుచేసి పోయాడనుకుంది. స్విచ్ మళ్లీ పైకి నెట్టేసింది. అతని నంబరు బ్లాక్ చేసింది.

మూడు వారాలు తిరిగేసరికి ఎడం చెవికి ఫోన్లో మాటలు అందడం మానేశాయి.

బరంపురంలో చెవి డాక్టరు పరీక్ష చేసి, పోయింది ఇక రాదన్నాడు. రెండో చెవి దక్కాలంటే మోత తగ్గించాలి, అరగంటకోసారి ఆపాలి అన్నాడు. ఈల మొదలైనప్పుడే ఈ ముక్క ఎవరూ చెప్పలేదా అని అడిగాడు.

మర్నాడే పార్సిల్ మీది చిరునామా పట్టుకుని గంజాం బస్సెక్కింది.

మసేను పెరట్లో అటు తిరిగి కూర్చుని వల బాగుచేస్తున్నాడు. సౌందర్య అతని వెనక నిలబడి, ఏడుస్తూ అంతా చెప్పుకుంది. మంచి చెప్పడానికొచ్చిన మనిషిని దొంగని గెంటినట్టు గెంటించాను, నా చెవి నేనే పోగొట్టుకున్నాను, క్షమించండి అంది.

అతను తిరిగి చూడలేదు. ముడి మీద ముడి వేసుకుంటూనే ఉన్నాడు.

కోపం తీరలేదు కాబోలు అనుకుంది. తీరకపోవడం న్యాయమే అనుకుంది. ఆ వీపుకే దణ్ణం పెట్టి వెనుదిరిగింది.

గుమ్మంలో అతని భార్య వరలక్ష్మి ఎదురొచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఎనకాల నిలబడి సెప్తే ఆరికెలా తెలుస్తాది తల్లీ, నీకమ్మిన ఆ మిషన్ కాడే కూకుని ఏళ్ల తరబడి పాటలు రికార్డు సేసి సేసి, రెండు సెవులూ పోయి ఆరేళ్లయింది."