కంచె కింది వైరు

దారిలో ఒక్క రాత్రి ఆగడానికి కారవాన్లు ఆపుకునే ఒక క్యాంపులో చోటు బుక్ చేసుకున్నాను. "మూల చోటు మీదే, ఒడీల్ మేడం. చాన్నాళ్ళుగా ఖాళీ" అని చెప్పి కాపలాదారు గేటు మూసేశాడు.

కారవాన్‌కి కరెంటు పెట్టబోతే, అక్కడున్న ఒకే సాకెట్‌లో ఎవరిదో వైరు ఉంది. టార్చి వేసి దాని వెంటే వెళ్ళాను. అది పొదల కంచె కింద మట్టిలోకి దిగిపోయింది.

దాన్ని పీకేసి నాది పెట్టాను. కారవాన్‌లో దీపం వెలిగింది.

కాసేపటికి నేలలోంచి ఒక ముసలి గొంతు మర్యాదగా పలికింది. "మేడం, మాకు చీకటైపోయింది."

"రాత్రి పది దాటింది, క్యాంపు నియమం ప్రకారం ఇక ఎవరూ మాట్లాడకూడదు. ఈ రాత్రికి ఈ చోటు నాది. పొద్దున నేను వెళ్ళాక పెట్టుకోండి" అన్నాను.

గడ్డిలో వైరు కదిలింది. వాళ్ళది కాదు, నాది. మెల్లగా కంచె వైపు జరుగుతోంది.

రెండు చేతులా పట్టుకుని, మడమలు నేలలో దిగేసి, నేనూ లాగడం మొదలుపెట్టాను.