నేను చదవని లైను

ఆనాడు గదిలో ఉన్నవారు వరుసగా: పక్షవాతంతో మాట పడిపోయిన నా భార్య, కోడలు, కంప్యూటరు ముందు, ఆఫీసు నడిపి రిటైరైన నేను. భార్య అక్షరాలు తాకితే పలికే ప్రోగ్రాము పాడై నాలుగు రోజులైంది. సరిచేసిన కోడ్, దానిని తయారుచేసినవారి ఇంటర్నెట్ భాండాగారమైన రిపాజిటరీలో ఉన్నది. దానిని బిల్డ్ చేయుట, అనగా నడిచే ప్రోగ్రాముగా మార్చుట, నాకిదే మొదలు.

పదిహేడవసారీ బిల్డ్ ఎర్రటి అక్షరాలతో ఆగిపోయింది.

“నా వల్ల కాదమ్మా. మీ అత్తయ్య మాట ఇక వినలేం.”

భార్య వేలు మళ్ళీ లేచింది.

“నీళ్ళివ్వమ్మా,” అన్నాను కోడలితో.

“నీళ్ళు కాదు మామయ్యా, తెర చూపిస్తున్నారు. సూచనల్లో మొదటి లైను: దీనికి తోడుగా ఉండే కోడ్, అనుబంధ లైబ్రరీ, ముందు దించుకోవాలట. చదవలేదా?”

“ఆ సూచనలు చిన్నపిల్లలకేమో అనుకున్నాను.”

దించాను. బిల్డ్ పూర్తయింది. భార్య ఒక్కొక్క అక్షరమే తాకింది.

“ఆఫీసు ఎలా నడిపారండీ?” అన్నది యంత్రం.

లోపమును కనిపెట్టినది నా భార్యయేనని, నాలుగు రోజులు ఆమె చూపినా గ్రహించనిది నేనేనని ఇందుమూలముగా అంగీకరిస్తున్నాను.