మూడు పంఖాలు

"ఊహూఁ. ఇది గాదు మిస్త్రీ," అన్నాడు పెంటయ్య.

వెంకటనారాయణ మోటారు ఆపాడు. పడవ దుర్గం చెరువు నడుమ నిలిచి మెల్లగా పక్కకు తిరిగింది. ఇది రెండో పంఖా. పొద్దున బిగించిన మొదటిదాన్ని కూడా పెంటయ్య ఇట్లాగే కాదన్నాడు.

"దీనికేమైందండీ?"

"ఉరుకుతలేదు."

"మొదటిది మరీ ఉరుకుతోందన్నారు కదా!"

"అది మస్తు ఉరికె. ఇది ఉరుకకపాయె."

వెంకటనారాయణ తల గోక్కున్నాడు. అతనిది కాకినాడ. హైదరాబాదులో ఒక కార్ఖానాలో చేరి మూడు నెలలైంది. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు అది. బయటి నుంచి వచ్చినవాడికి పని దొరకడమే గగనం. ఇక్కడి దొర తన పడవకు వెనక తగిలించే మోటారు కొన్నాడు. నీళ్లలో తిరిగి పడవను తోసే దాని ఇత్తడి రెక్కలు బండకు తగిలి విరిగాయి. ఆ రెక్కల చక్రాన్నే కార్ఖానాలో పంఖా అంటారు. యజమాని మూడు రకాల పంఖాలు గోనెసంచిలో వేసి, ఒక కాగితం చేతికిచ్చి పంపాడు. పడవ నడిపే పెంటయ్య బాగుందని ఆ కాగితం మీద వేలిముద్ర వేయాలి. అది దొర షరతు. "ముద్ర లేకుండా వస్తే గేటు దగ్గరే ఆగిపో." అది యజమాని మాట.

పంఖా ఎంచడం వెంకటనారాయణకు కొత్త కాదు. రెక్కల వంపు ఎక్కువైతే మోటారు లాగలేక మూలుగుతుంది. తక్కువైతే ఊరికే గిర్రున తిరిగి అరుస్తుంది, పడవకు మాత్రం వడి రాదు. నిండు బరువుతో మూలగకుండా, అరవకుండా నడిపేదే సరైనది. మూడు ఇసుక బస్తాలు వేసి చూశాడు. మొదటిదే సరైనదని అతని చెవికి పొద్దునే తెలిసింది.

"నా మాట వినండి, మొదటిది..."

"మూడోది పెట్టు. తుంగ పక్కపొంటి పోనీ."

"ఎప్పుడూ తుంగ పక్కనే ఎందుకండీ? నడుమ లోతు బాగుంది."

"మా దొర బాతులను గొట్టేది తుంగ కాడ్నే. నడుమ ఏముంటది, నీ మొకమా?"

అదీ నిజమే అనిపించింది. మోటారు పైకెత్తి, పిన్ను తీసి, మూడోది బిగించాడు. తెచ్చిన రెండు డబ్బాల పెట్రోలులో ఒకటి అప్పటికే ఖాళీ. పడవ తుంగను ఒరుసుకుంటూ ఈ కొస నుంచి అవతలి బండల సందు దాకా పోయింది. పెంటయ్య మోటారు వంక చూడనే లేదు. నీళ్ల వంకే చూస్తున్నాడు.

"సప్పుడు తక్కువైంది," అన్నాడు చివరికి.

"బాతుల వేటకు చప్పుడు తక్కువైతేనే మంచిది కదండీ?"

"మా దొరకు చెవుడు. సప్పుడు ఇనవడకుంటే మోటరు ఆగిందని నన్ను తిడ్తడు."

వెంకటనారాయణ పడవను గట్టు వైపు తిప్పాడు.

మధ్యాహ్నం పడవ గట్టుకు చేరేసరికి పెంటయ్య భార్య కిష్టమ్మ జొన్నరొట్టెలతో కూర్చొని ఉంది. పక్కన చేపల తట్ట బోర్లించి ఉంది.

"ఇయ్యాల గూడ తట్ట బోర్లనేనా? నాలుగు దినాలాయె. ఇంట్ల పిండి గివ్విటితోని ఒడిసింది," అంది.

"చలికి చాపలు తుంగల సొచ్చినయే. బెదిరియ్యనీకి నీళ్లు గొట్టి గొట్టి చేతులు పడిపాయె. బయటికి ఎల్తలేవు."

"నీ తమ్ముడేడి?"

"రాజయ్యనా? బండల ఎనక ఎండకు గూసున్నడు."

"మంచిగుంది. అన్నకు పడవల షికారు, తమ్ముడికి ఎండల కునుకు." మూతి తిప్పుకుంటూనే ఆమె ఒక రొట్టె మిస్త్రీ చేతిలో పెట్టింది.

అతను రొట్టె తుంచకుండానే పక్కన పెట్టాడు.

"పెంటయ్య గారూ, నాకూ ఇంట్లో మనిషి ఉందండీ. ఈ కాగితం మీద ముద్ర పడకపోతే రేపటి నుంచి మాదీ తట్ట బోర్లే."

పెంటయ్య చేతులు దులుపుకొని లేచాడు.

"ఫికర్ జెయ్యకు. నీ కడుపు మీద నేను గొట్ట. మల్ల మొదటిది పెట్టు."

మొదటిది పెట్టాడు. తర్వాత రెండోది. మళ్లీ మొదటిది. "మెల్లగ," అన్నాడు పెంటయ్య. "ఇగ జోరుగ." "ఆడ గుండ్రంగ తిప్పు." "వాపసు రా, తుంగకు ఇంక జర దగ్గరికి." పొద్దున వద్దన్న వేగమే ఇప్పుడు కావాలంటాడు. కావాలన్న మరుక్షణం వద్దంటాడు. వెంకటనారాయణ అర్థం చేసుకోవడం మానేశాడు. చేతులు మాత్రం చెప్పినట్టు చేస్తున్నాయి. పొద్దు బండల మీదికి వాలింది. మోటారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. రెండో డబ్బా కూడా అయిపోయింది.

పెంటయ్య గడ వేసి పడవను గట్టుకు తోశాడు. దిగి, అడగకుండానే బొటనవేలు చాపాడు.

"ఏదీ, సిరా పుయ్యి. మొదటిదే మంచిగుంది."

వెంకటనారాయణ సిరా పూశాడు. ముద్ర పడింది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాక గానీ అతనికి కోపం రాలేదు.

"మొదటిదే మంచిదని పొద్దున తెలియలేదా మీకు?"

"ఎందుకు తెల్వదు? మొదటి చుట్టుకే తెల్సె."

"మరి పొద్దుగూకేదాకా ఇన్ని చుట్లు ఎందుకు తిప్పించారండీ?"

పెంటయ్య బండల వైపు తిరిగి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకొని, "ఓ రాజయ్యా! ఎట్లుందిరా?" అని కేకేశాడు.

"ఇగ చాలన్నా, తుంగల చాపలతోని వలలు నిండినయ్!"