రెండు గీతల మధ్య

"బానెట్ ఎత్తు నాయనా. ఆయిల్ సూడల్ల."

ఎమ్మిగనూరు టాక్సీ స్టాండులో ఈరేష్ కారు ఆపగానే నరసన్న అడ్డం వచ్చాడు.

ఆయనకు డెబ్బై ఏళ్లుంటాయి. రోజూ పొద్దున ఆరింటికి చేతిలో గుడ్డముక్కతో స్టాండుకు వస్తాడు. ఎవరి బండీ ఎక్కడు. టీ కూడా అడగడు. ప్రతి డ్రైవరునూ ఈ ఒక్క మాటే అడుగుతాడు.

"వచ్చినాడప్పా, ఆయిల్ ఇన్‌స్పెక్టరు!" అన్నాడు పక్క కారు ఉమేష్.

అందరూ నవ్వారు. ఈరేష్ నవ్వలేదు.

కారు ఆగీ ఆగకముందే ఆదోనికి నలుగురు ఎక్కి కూర్చున్నారు. ఇంట్లో భార్య స్వప్నకు నెలలు నిండాయి. మొదటి బిడ్డ దక్కలేదు. ఈసారి బీపీ కూడా ఉంది. నొప్పులు రాగానే ఇంకెక్కడా ఆగకుండా కర్నూలుకే తీసుకురమ్మని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆలోపల నాలుగు ట్రిప్పులు ఎక్కువ వేసుకోవాలని అతని ఆరాటం.

"నిన్ననే సూసినా తాతా. పక్కకు జరుగు."

"అబద్ధం. మూడు దినాల నుంచి తప్పించుకోని పోతాండావు."

"ఆయిల్ తగ్గితే ఎర్ర లైటు వెలుగుతాది. వెలగలేదు గదా?"

"అది వెలిగే తలికి ఇంజిన్ అయిపోయింటాది నాయనా. లైటును నమ్ముకోవద్దు."

హారన్ కొట్టినా నరసన్న కదల్లేదు.

ఈరేష్ విసురుగా దిగి బానెట్ ఎత్తాడు. ఆయిల్ మట్టం చూసే కడ్డీ మీద చేయి వేశాడు.

"వేడి మీద తీయొద్దు. పది నిమిషాలు ఆగు. పైకెక్కిన ఆయిల్ కిందికి దిగల్ల."

"పది నిమిషాలా!" అంటూ వెనక సీట్లోంచి ఒకామె దిగింది. మిగతా ముగ్గురూ ఆమె వెంటే దిగి ఉమేష్ కారెక్కారు.

"రోజూ ఈ కారునే పట్టుకో తాతా. నాకు బోణీ బాగైతాది," అంటూ ఉమేష్ వెళ్లిపోయాడు.

పది నిమిషాలయ్యాక ఈరేష్ కడ్డీ తీసి తుడిచి, మళ్లీ ముంచి తీశాడు.

కడ్డీ మీద రెండు గీతలు. ఆయిల్ ఆ రెంటి మధ్య ఉండాలి. కింది గీతను కూడా అందుకోకుండా, కొసన నల్లగా ఒక చుక్క వేలాడుతోంది.

ఈరేష్ డిక్కీలోంచి ఆయిల్ డబ్బా తెచ్చాడు.

"అది యాడిది?"

"మా మామ ట్రాక్టర్‌ది. ఆయిల్ ఆయిలే గదా."

"కాదు. అది సిక్కటిది, డీజిల్ ఇంజిన్‌కు. నీది పెట్రోలు బండి. బండితో ఇచ్చిన బుక్కులో ఏ నంబరు రాసినారో అదే పోయల్ల."

ఆ ఆయిల్ అమ్మే అంగడి తెరిచేసరికి ఎనిమిదైంది. నరసన్న పక్కనే నిలబడి కొంచెం కొంచెంగా పోయించాడు. పై గీత దాటనివ్వలేదు.

రెండు ట్రిప్పులు పోయాయి.

ఈరేష్ బానెట్‌ను ధడాలున మూశాడు.

"నీ బిడ్డ కాన్పుకు పోతా, దోవలో బండి సెడిపోయి సచ్చిపోయిందంట. అది నా తప్పా? మా కడుపెందుకు కొడతావు తాతా?"

స్టాండులో అందరూ చెప్పుకునే సంగతే అది. ఇంతవరకూ ఆయన ముఖం మీద ఎవరూ అనలేదు.

నరసన్న గుడ్డముక్కను మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పైలం నాయనా," అని వెళ్లిపోయాడు.

అదే రోజు మధ్యాహ్నం రెండింటికి స్వప్నకు నొప్పులు మొదలయ్యాయి.

మే నెల ఎండ. కర్నూలు దారిలో కారు గోనెగండ్ల దాటింది, కోడుమూరు దాటింది. ఈరేష్ ఎక్కడా వేగం తగ్గించలేదు. వెనక తల్లి చేయి పట్టుకుని స్వప్న మూలుగుతూనే ఉంది. ఇంజిన్ ఒకే తీరుగా మోగుతూ పోయింది.

ఆడపిల్ల పుట్టింది.

"ఇంకో అరగంట దారిలో గడిచి ఉంటే ఇద్దరూ దక్కేవారు కాదు," అంది డాక్టరమ్మ.

పన్నెండు రోజుల తర్వాత ఈరేష్ స్టాండుకు వచ్చాడు. కారు ఆపి, తనే బానెట్ ఎత్తి నిలబడ్డాడు.

ఎవరూ రాలేదు.

"తాత యాడప్పా?"

ఉమేష్ తల దించుకున్నాడు.

"పోయినాడన్నా. సోమారం. గుండెపోటంట."

నరసన్న ఇల్లు మగ్గాల వీధి చివర ఉంది. ఆయన భార్య బసమ్మ గడప దగ్గర కూర్చుని ఉంది. ఈరేష్ ఆమె ఎదుట నేలమీద కూలబడ్డాడు.

"అవ్వా, తాత ఆ పొద్దు ఆయిల్ పోయించకుంటే నా పెండ్లామూ బిడ్డా దక్కేవాళ్లు కాదు. నేనేమో సచ్చిపోయిన మీ బిడ్డను ఎత్తి మాట్లాడినా."

బసమ్మ తలెత్తి చూసింది.

"మాకు బిడ్డలే లేరు నాయనా."

"మరి... కాన్పుకు పోతా దోవలో..."

"గోనెగండ్ల పిల్ల. అది జరిగి ఇరవై రెండేండ్లాయ. కోడుమూరు దాటినాక ఆయిల్ లేక ఇంజిన్ పట్టేసింది. ఇంకో బండి వచ్చే తలికి పిల్ల పాయ, కడుపులో బిడ్డా పాయ."

"మీకు సుట్టాలా అవ్వా?"

"పేరు గూడా తెలీదు," అంది బసమ్మ. "ఆ బండి తోలినది మీ తాతే."