రెండో చెయ్యి

నష్టపరిహారం అప్పీలు వినే అధికారి ఆ రోజు నేరుగా ఫ్యాక్టరీకే వచ్చాడు. నా వేళ్లు మింగిన ప్రెస్సు ముందు నిలబడ్డాడు. నేను మాత్రం కాలుగాలిన పిల్లిలా దాని చుట్టూ తిరుగుతున్నాను.

"రెండు బటన్లూ రెండు చేతులతో ఒకేసారి నొక్కితేనే ఇది దిగుతుంది సార్," అన్నాడు సూపర్‌వైజరు. ఆయన మా అక్క మొగుడు. నన్ను పనిలో పెట్టించిందీ ఆయనే. "పని తొందరగా తెమలాలని వీడే ఒక బటన్ ఎప్పుడూ నొక్కి ఉండేలా తీగతో బిగించేశాడు. ఇక్కడ ఇంకెవ్వరూ అలా చెయ్యరు."

కిందటిసారి నా అర్జీ కొట్టేసింది ఈ మాట మీదే. అప్పుడూ అక్క కాపురం గుర్తొచ్చి నేను నోరు మెదపలేదు.

"ఒకసారి నడిపి చూపించండి," అన్నాడు అధికారి.

బావ ఎడమచేత్తో రేకును అచ్చు కిందికి తోస్తూనే కుడిచేత్తో బటన్ నొక్కాడు.

"బావా, చెయ్యి!" అని గావుకేక పెట్టాను. ప్రమాదం జరిగాక ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట అది.

"అరవకురా, రోజూ చేసేదేగా!" అని విసుక్కున్నాడు.

ప్రెస్సు దిగలేదు. మళ్లీ నొక్కాడు. అయినా దిగలేదు.

అధికారి వస్తున్నాడని పొద్దున్నే ఆ తీగ విప్పించింది తనేనని, అందరూ తన ఎడమచేతి వంకే చూస్తుంటే అప్పుడు గుర్తొచ్చింది బావకి.