యజమానితో మాట్లాడాలి

"యజమానితో మాట్లాడాలి," అంది పెద్దక్క, కూర్చోమన్నా కూర్చోకుండా.

బల్లకు అవతల ఉన్న మాజీ మంత్రి పేపరు మడిచి పక్కన పెట్టాడు. మూడు నెలల కిందటి వరకు ఆయన ఆరోగ్య మంత్రి. ఇప్పుడు, పెద్దక్క పనిచేసే ఆసుపత్రిని కొన్న పెట్టుబడి సంస్థలో సలహాదారు. పదవి పోయినా గది మాత్రం పెద్దదైంది.

"ముందు కూర్చోండమ్మా. కింద ఎవరూ ఇబ్బంది పెట్టలేదు కదా?"

"ఏదో కాగితం ఇచ్చారు. సంతకం పెట్టి వచ్చాను."

"ఏం కాగితం?"

"ఎవరికి తెలుసు."

నిజంగానే ఆమెకు తెలియదు. కింద రాసుకోవడానికి బల్ల కూడా లేదు. గోడకు ఆనించి గీకేసింది, చివరి అక్షరం కిందికి జారిపోయింది. చదవకుండా, ఏ గోడకో ఆనించి గీకేయడం పాతికేళ్ళ అలవాటు. వార్డులో పెద్ద నర్సు, పైగా నర్సుల సంఘానికి అధ్యక్షురాలు. రోజుకు యాభై కాగితాలు మీదికి వస్తాయి. అన్నీ చదువుతూ నిలబడితే సెలైన్ సీసాలు మార్చేదెవరు?

సంచిలోంచి నలిగిన నోటీసు తీసి బల్ల మీద పెట్టింది. నెలలు నిండని పిల్లల వార్డును ఒకటో తారీఖు నుంచి మూసేస్తున్నారు. అంత పెద్ద మాటను మూడు లైన్లలో తేల్చేశారు.

"వార్డులో ఇప్పుడు పన్నెండు మంది ఉన్నారు సార్. ఒకడు తొమ్మిది వందల గ్రాములు. నా రెండు చేతుల్లో పట్టేస్తాడు. వాణ్ణి గంటన్నర అవతల ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళమంటున్నారు. దారిలో ఊపిరి అందకపోతే పూచీ ఎవరిది?"

"బాధగానే ఉంటుందమ్మా."

"ఆ వార్డుకి రిబ్బను కత్తిరించింది మీరే. ఫోటో ఇంకా గోడకి ఉంది. కత్తెర పట్టుకుని నవ్వుతున్నారు."

మాజీ మంత్రి తల దించుకున్నాడు. "ఆ వార్డు నష్టాల్లో ఉంది."

"పసివాళ్ళు లాభం ఎక్కణ్ణుంచి తెస్తారు? వాళ్ళకి తెలిసిన పని ఊపిరి పీల్చడం ఒక్కటే. అది కూడా ఇంకా సరిగ్గా రాదు."

ఆయన నీళ్ళ గ్లాసు ముందుకు జరిపాడు. ఆమె ముట్టుకోలేదు.

"మొన్న కొత్త మంత్రి దగ్గరికి వెళ్ళాం. తన చేతుల్లో లేదన్నాడు. ఆసుపత్రి మేనేజరు తన చేతుల్లో లేదన్నాడు. మీరూ అదే అంటారని తెలుసు. ఎవరి చేతుల్లో ఉందో ఆ మనిషిని చూపించండి, చాలు."

"ఒక మనిషంటూ ఉండడమ్మా. మా సంస్థ సొంత డబ్బుతో కొనదు. పదిచోట్ల పోగేసి కొంటుంది. అందులో మాది రూపాయికి రెండు పైసలు."

"మిగతా తొంభై ఎనిమిది ఎవరివి?"

"అది చెప్పకూడదు. ఆ ఫైలు యజమానులకు తప్ప ఎవరికీ చూపించం. వాళ్ళకి ఏటా నూటికి పద్దెనిమిది చొప్పున ఇస్తామని రాసిచ్చాం. అంత రావాలంటే ఎక్కడో ఒకచోట కోత పడాలి."

పెద్దక్కకు ఒళ్ళు మండిపోయింది. "పద్దెనిమిదా? మాకు బ్యాంకువాడు ఆరు ఇస్తే కళ్ళకద్దుకుంటాం. ఎవడా పుణ్యాత్ముడు సార్? పసిగుడ్డు ముక్కులో గొట్టం పీకి వడ్డీ తింటాడా? అరుగుతుందా వాడికి?"

"తిట్టకండమ్మా."

"తిడతాను. ఆ తల్లుల ఉసురు వాడికి తగలకుండా పోదు. రేపు పొద్దున్నే ఆ పన్నెండు మంది తల్లుల్నీ వెంటబెట్టుకుని వాడి గుమ్మం ముందు కూర్చుంటాం. మూసేస్తున్నానని వాడే మా మొహాన చెప్పాలి. అడ్రసు ఇస్తారా, మీ కత్తెర ఫోటో పేపరువాళ్ళకి ఇవ్వమంటారా?"

మాజీ మంత్రి లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చాడు. బెదిరిస్తే ఆయనకు కోపం వస్తుందనుకుంది పెద్దక్క. రాలేదు. ఆయన ఆమెను జాలిగా చూశాడు. ఎందుకో ఆ చూపు ఆమెకు నచ్చలేదు.

"నేను మంత్రిగా ఉండగా ఒక చట్టం మార్పించాను," అన్నాడు. "ఉద్యోగుల సంఘాల పింఛను డబ్బు బ్యాంకుల్లో మూలుగుతోంది, దాన్ని ఇలాంటి సంస్థల్లో పెట్టుకోవచ్చు అని. గుర్తుందా?"

"గుర్తుంది. ఈ కుర్చీ మీకు దొరికింది అందుకేనని అందరూ అంటారు."

"అననీ. అందులో అబద్ధం లేదు."

సొరుగు లాగి నీలం అట్ట ఫైలు తీశాడు. మొదటి పేజీ తెరిచి, ఆమె వైపు తిప్పి జరిపాడు.

"యజమానులకు తప్ప చూపించం అన్నారుగా?"

"అందుకే చూపిస్తున్నాను."

పెద్దక్క కుర్చీలో కూర్చుంది. కళ్ళజోడు పెట్టుకుంది. పాతికేళ్ళలో మొదటిసారి ఒక కాగితాన్ని పైనుంచి కింది దాకా చదివింది. ఆసుపత్రి కొన్నవాళ్ళలో అందరికంటే పెద్ద వాటా, రూపాయికి అరవై పైసలు, నర్సుల సంఘం పింఛను నిధిది. నష్టం వచ్చే వార్డులను మూసేయడానికి ఆ సంఘం సమ్మతిస్తోంది. తేదీ ఎనిమిది నెలల కిందటిది.

దాని కింద, గోడకు ఆనించి గీకిన సంతకం ఒకటి ఉంది, చివరి అక్షరం కిందికి జారిపోయి.